ఉప్పు పడవలో ఊఁ కొట్టిందెవరు?

ఇది నేను కల్పించింది కాదు. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే నాకు పుస్తకాల పిచ్చి ఉందని మీ అందరికీ తెలుసు. పుస్తకాలు చదివేవాళ్ళ మాటల్లో సగం చదివిందే ఉంటుందని మా వీధిలో ఒక అభిప్రాయం. అందుకే ఇన్నేళ్ళూ డైరీలో తప్ప మీ ఎవరి దగ్గరా ఈ ఊసెత్తలేదు. ఒట్టు వేయమంటారా? బిడ్డ మీద వేయను. ఉప్పు మీద వేస్తాను. ఆ రాత్రి నా చుట్టూ ఉన్నది అదే... మూటలు మూటలుగా.

మా అత్తవారి ఊరు నెల్లూరు సముద్రతీరంలో ఉంది. తూర్పున ఉప్పు మళ్ళు, పడమట బకింగ్‌హాం కాలువ. మా ఆయన ఉప్పు నిలవచేసే కొటారులో గుమాస్తా. ఇంట్లో మేమిద్దరం, అత్తయ్య. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు మాటలే లేవు. అత్తయ్య ఏమి అడిగినా "ఊఁ" అనేదాన్ని. "నా కోడలికి దేవుడు ఒక్క అక్షరమే ఇచ్చినాడు" అని ఆమె పొరుగువాళ్ళతో చెప్పుకుని నవ్వేది.

తొలిచూలు. ఎనిమిదో నెల దాటాక కాళ్ళు వాచాయి. తరువాత చేతులు. గాజులు మణికట్టులో దిగబడ్డాయి. తరువాత ముఖం. చూడవచ్చినవాళ్ళు సంతోషపడ్డారు. "నీరు పట్టింది, ముఖం కళకళలాడతా ఉండాది, ఆడబిడ్డే" అన్నారు. అత్తయ్య పొంగిపోయి నా అన్నంలో నెయ్యి పెంచింది. ఆవకాయ కూడా.

అప్పుడొచ్చింది నర్సమ్మ. అప్పుడప్పుడూ ఊళ్ళు తిరిగి గర్భిణులను చూసే ప్రభుత్వ నర్సు. నా మూత్రాన్ని ఒక సన్నటి గాజుగొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద వేడి చేసింది. నీళ్ళలా ఉన్నది చూస్తుండగానే తెల్లగా విరిగింది. పాలు విరిగినట్టు. నాకు భయం కంటే ముందు వింత కలిగింది, ఇంకోసారి చేసి చూపిస్తుందేమో అని ఎదురుచూశాను. ఆమె నా చేతికి మోచేయి పైన పట్టీ చుట్టి గాలి కొట్టింది. పెట్టెలో పాదరసం పైపైకి పోయింది.

"రక్తపోటు శానా ఎక్కింది పెద్దమ్మా," అంది నర్సమ్మ. "నేటి నుంచి ఈమెకు ఉప్పు కూడదు. చీకటి గదిలో పక్కకు తిరిగి పడుకోవాల. చప్పుడు కూడదు. చదవడం, రాయడం అసలే కూడదు. తలనొప్పి వచ్చినా, కళ్ళ ముందర మెరుపులు మెరిసినా, రొమ్ము కింద నొప్పి లేచినా ఆసుపత్రికి తేవాల. ఆలస్యమైతే ఫిట్సు వస్తాయి. తల్లికీ ముప్పే, బిడ్డకీ ముప్పే."

"ఉప్పు పండించేవాళ్ళ ఇంట్లో ఉప్పు మానమంటే ఎట్టమ్మా?" అంది అత్తయ్య.

అయినా మానిపించింది. నాతోపాటు తనూ మానేసింది. "దీన్నొక్కదాన్నే చప్పిడి తినమని నేను చేపలపులుసు తింటే గొంతు దిగుతుందా?" అంది మా ఆయనతో. నా పుస్తకాలూ డైరీ మూటగట్టి అటక మీద పెట్టేసింది. కిటికీకి గోనెపట్టా వేలాడదీసింది.

ఆ చీకటి గదిలో నేను పడ్డ బాధ జబ్బుది కాదు. చదవడానికి ఏమీ లేకపోవడం. పగలంతా రెప్పలకింద పాత పుస్తకాల పేజీలు తిప్పుకునేదాన్ని. అత్తయ్యకు అర్థమైంది. ఆమెకు అక్షరం రాదు. కానీ వచ్చి మంచం పక్కన కూర్చుని, "కథ చెప్తా. ఊఁ కొట్టాల. నువ్వు ఆపితే నేనూ ఆపేస్తా" అంది.

ఊఁ కొట్టడం నాకు వచ్చిన పనే కదా. కానీ చీకట్లో ఏమైందో ఏమో, నోరు తెరుచుకుంది. ఆ రాకుమారి పేరేమిటి అత్తా? పుట్టలో అన్నాళ్ళూ పాము ఏం తినింది? ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?

"నీ అనుమానాలు పాడుగాను," అనేది అత్తయ్య. "రాజు చచ్చిపోయినాడు అంటే, ఏ మంచం మీద అంటావే నువ్వు."

తిట్టేది కానీ, నేను అడగకపోతే ఆమే ఆగేది. అడుగుతానని. కథ అయిపోయాక అయితే మరీను. "అయిపోయింది" అంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఆ తరువాత వాళ్ళేం చేశారు, ఎక్కడికి పోయారు... ఆమె విసుక్కుని దీపం దగ్గరికి లేచిపోయేదాకా వదిలేదాన్ని కాదు. ఇది గుర్తుపెట్టుకోండి. నేను బతికి మీ ముందు ఉన్నది దీనివల్లే.

కార్తీకమాసం. మూడొంతుల ఊరు వాన నీళ్ళలో ఉంది. ఒక ఉదయం తలనొప్పితో లేచాను. మాడు మీద ఎవరో అరచెయ్యి పెట్టి అదుముతున్నట్టు. మధ్యాహ్నానికి కళ్ళ ముందు మెరుపులు. ఎండలో ఉప్పు రవ్వలు మెరిసినట్టు, చిన్నవి, తెల్లవి. అత్తయ్యకు చెప్పాను. కబురు వెళ్ళింది. నర్సమ్మ వచ్చి పట్టీ చుట్టి చూసి, పాదరసం దిగకముందే అంది. "ఇప్పుడే బయల్దేరాల."

దారి కోసుకుపోయింది. ఎద్దులబండి కుదుపులకు ఫిట్సు వస్తాయని నర్సమ్మ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం ఉప్పు పడవ ఒకటి కృష్ణపట్నం పోతోంది. నీళ్ళమీద కుదుపు ఉండదు. మా ఆయన కాలువగట్టు వెంబడి సైకిలుమీద ముందు వెళ్ళిపోయాడు, అక్కడ నెల్లూరికి కారు మాట్లాడి ఉంచడానికి. నర్సమ్మ మాతో రాలేకపోయింది. పక్క పాలెంలో ఒకామెకు బిడ్డ అడ్డం తిరిగి ఉంది.

పడవ ఎక్కించేముందు ఆమె అత్తయ్యకు అప్పగింతలు పెట్టింది. "మత్తుబిళ్ళ ఇచ్చినా. మగతగా ఉంటుంది. అయినా పలకరిస్తే పలుకుతా ఉండాల, అది చూసుకో పెద్దమ్మా. గట్టిగా పిలవొద్దు, ఉలిక్కిపడకూడదు. దీపం వెలుగు ముఖాన పడకూడదు. పలుకు ఆగిందంటే మాత్రం... పక్కకు తిప్పి, పళ్ళ మధ్య గుడ్డ చుట్టిన గరిటె కాడ పెట్టి, పడవవాళ్ళను పరిగెత్తించు."

గట్టిగా పిలవకూడదు. దీపం పెట్టకూడదు. పలుకుతున్నానో లేదో తెలియాలి. అత్తయ్యకు తెలిసిన ఉపాయం ఒక్కటే. పడవ కదలగానే నా పక్కన చేరి, చెవి దగ్గర మెల్లిగా మొదలుపెట్టింది.

"కథ చెప్తా. ఊఁ కొట్టాల."

పడవ మధ్యలో చాపల కప్పు. దానికింద మూటల మీద పరుపు పరిచి నన్ను పడుకోబెట్టారు. ఎటు ఒత్తిగిలినా ఉప్పు వాసన. "ఉప్పు తినొద్దన్న పిల్లను ఉప్పు మూటల్లో పండబెట్టి తీసకపోతన్నాం. ఎవురికన్నా చెప్తే నవ్విపోతారు" అంది అత్తయ్య. చుక్కాని దగ్గర రమణయ్య ఉన్నాడు, పెద్దవయసు మనిషి. గట్టుమీద ఇద్దరు తాడు లాగుతున్నారు. "మావాళ్ళకు చెప్పినా పెద్దమ్మా," అన్నాడు రమణయ్య. "ఈపొద్దు పాట లేదు, కేక లేదు. నోట్లో గుడ్డలు కుక్కుకుని లాగతారు."

నిజంగానే అంత నిశ్శబ్దం. తాడు నీళ్ళను తాకి లేచినప్పుడు చుక్కలు రాలే చప్పుడు. సరుగుడు తోపుల్లో గాలి. అంతే.

అత్తయ్య కథ ఇది. ఒక ఊళ్ళో ఒక పడుచుకు నిద్ర పోయింది. అంటే, ఎవరో ఎత్తుకుపోయారు. రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకుంది, తెల్లారేసరికి లేదు.

"ఊఁ. దిండు కింద ఎలా పెట్టుకుంది అత్తా?"

"అప్పట్లో అట్టా పెట్టుకునేవాళ్ళు. మూటగట్టి. విను."

ఆ పడుచు ఇల్లిల్లూ తిరిగింది. అమ్మా, నా నిద్ర మీ ఇంటికేమన్నా వచ్చిందా? లేదమ్మా, మా నిద్రలు మాకే చాలడం లేదు. ఊఁ. ఊరు దాటింది. ఊఁ. మళ్ళు దాటింది. ఏ కాలం అత్తా, వానాకాలమా? ఎండాకాలంలే. ఊఁ. నడిచి నడిచి సముద్రం ఒడ్డుకు పోయింది. అక్కడొక గుడిసె. గుడిసె ముందొక అవ్వ. గుడిసె వెనక, ఎండుచేపలు ఆరేసినట్టు, తాళ్ళమీద వరసగా ఆరేసి ఉన్నాయి...

"ఏమిటవి?"

"నిద్రలు."

ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు. ఎంత బాగుంది అనిపించి. ఒక్కొక్కటి ఎలా ఉంటుంది, రంగు ఉంటుందా, బరువు ఉంటుందా అని అడగబోతుంటే పడవ ఆగింది.

లాకుల దగ్గరికి వచ్చాము. తలుపులు మూసి ఉన్నాయి. మామూలుగా అయితే పడవవాళ్ళు కొమ్ము ఊది లాకుల కాపలాదారుణ్ణి లేపుతారు. చప్పుడు కూడదు కాబట్టి రమణయ్యే గట్టెక్కి నడిచి వెళ్ళాడు. తలుపులు తిప్పడానికి మనుషులు కావాలని తాడు లాగేవాళ్ళిద్దరూ ఆయన వెంట వెళ్ళారు. పడవలో నేనూ అత్తయ్యా. ఇంకెవరూ లేరు. నా కడుపులో ఉన్నదాన్ని లెక్కపెడితే తప్ప.

"అవ్వ ఏమనింది," అత్తయ్య మెల్లిగా చెబుతోంది. "ఇన్నింటిలో నీది ఏదో నువ్వే గుర్తుపట్టాల. తప్పుగా పట్టుకున్నావా, వేరేవాళ్ళ నిద్ర నిన్ను పట్టుకుంటుంది అనింది."

ఊఁ అనాలి. అనబోయాను.

రొమ్ము కింద నొప్పి. ఒక్కసారిగా. ఎవరో లోపలినుంచి పిడికిలి బిగించినట్టు. చాపల కప్పు కింద ఆ చీకట్లో తెల్లటి రవ్వలు... కొన్ని కావు. కుప్పలు. కప్పు మొత్తం ఉప్పు మడిలా తెల్లగా మెరిసింది. నాలుక కదపబోయాను. నాలుక ఉంది. నాది కాదు.

అత్తయ్య ఆగింది. నా పలుకుకోసం ఆగింది.

ఇప్పుడే కనిపెడుతుంది, అనుకున్నాను. పలకలేదని తెలుస్తుంది. చూస్తుంది. నన్ను పక్కకు తిప్పుతుంది. ఇంకొక్క క్షణం...

"ఊఁ."

నేను కాదు.

నేను అనలేదు. అది నా కుడిపక్కనుంచి వచ్చింది. నాకూ పక్కన పేర్చిన మూటలకూ మధ్య జానెడు చోటు ఉంది, అక్కణ్ణుంచి. గొంతు నాదే. పడిశం పట్టినప్పుడు నా గొంతు ఎలా ఉంటుందో అలా. తొందర లేదు. వింటున్న మనిషి అనే ఊఁ. దాని వెనక ఊపిరి వదిలిన చప్పుడు కూడా విన్నాను... మెల్లిగా... ముక్కుతో.

అత్తయ్య తృప్తిపడి కథ అందుకుంది. "ఆ పిల్ల మొదటి తాడు దగ్గరికి పోయింది."

"ఊఁ."

అత్తా అది నేను కాదు. అరుస్తున్నాను. లోపల. దవడలు దగ్గరికి వచ్చేశాయి. చెయ్యి ఎత్తి ఆమెను తాకుదామంటే చెయ్యి ఎక్కడుందో తెలియలేదు. పడవ పక్కలకు నీళ్ళు కొట్టుకుంటున్నాయి. టప్... టప్... వాటి మధ్య అత్తయ్య గొంతు. మళ్ళీ ఆ గొంతు.

"ఊఁ."

మీరు నమ్మరు. ఆ క్షణంలో కూడా నా భయంలో ఒక మూల వేరే ఆలోచన ఉంది. ఇది ఎవరు? కథ దీనికి నచ్చుతోందా? ఆ ఊఁలో ఆసక్తి ఉంది. మూడోసారి అన్నప్పుడు కాస్త ముందుకు జరిగి విన్నట్టు అనిపించింది. ఆ తరువాత అత్తయ్య మాటలు దూరమయ్యాయి. రెండో తాడు... ఆ పిల్ల చెయ్యి చాపి... అంతవరకే. తెల్లదనం కూడా ఆరిపోయింది.

ఇక్కణ్ణుంచి నాకు తెలియదు. అత్తయ్య చెప్పింది చెబుతున్నాను.

ఆమె కథ చివరిదాకా చెప్పింది. ప్రతి మాటకూ ఊఁ వచ్చింది. చివర, "అంతే, కథ కంచికి మనం ఇంటికి" అంది. ఊఁ అని వినబడింది. ఆ ఊఁ కడుపు నిండినట్టు ఉందట. ఇంకో కథ ఎత్తుకుందామని ఆమె నోరు తెరిచిందట కూడా. అప్పుడు ఆగింది.

"కథ అయిపోయిందంటే ఊరుకునే పిల్లవు కాదే నువ్వు," అని చెప్పింది నాకు తరువాత. "ఏం రంగు, ఏం బరువు, ఆ తరవాత యాడికి పోయింది... ఒక్కటంటే ఒక్కటి అడగలా. లాకుల దగ్గిర పడవ ఆగినప్పటినుంచీ అడగలా. ఊఁ, ఊఁ, ఊఁ. ఇది మా పిల్ల కాదనుకున్నా."

నర్సమ్మ వద్దన్నా లాంతరు ఎత్తింది. నా కళ్ళు తెరిచే ఉన్నాయి. చూపు లేదు. దవడ బిగుసుకుని ముఖం ఒకవైపు లాగుతోంది. ఆమె నన్ను పక్కకు తిప్పి, గరిటె కాడ పళ్ళ మధ్యకు పోకపోతే తన వేళ్ళు పెట్టింది. ఆ మచ్చలు ఇప్పటికీ ఆమె వేళ్ళ మీద ఉన్నాయి. అప్పుడు మొదటి ఫిట్ వచ్చింది. ఆమె వేసిన కేకకు రమణయ్య గట్టు దిగి పడవలోకి పరిగెత్తుకొచ్చాడు. ఆ తరువాత ఎవరూ చప్పుడు సంగతి చూడలేదు. తాడు లాగేవాళ్ళు నడవలేదట, పరిగెత్తారట. కృష్ణపట్నంలో కారు సిద్ధంగా ఉంది. కారులో ఇంకోసారి వచ్చింది. ఆసుపత్రిలో సూదులు వేశారు. తెల్లవారే వేళకు బిడ్డ పుట్టింది. పిడికెడంత ఉందట. ఏడ్చిందట.

నాకు తెలివి వచ్చేసరికి మళ్ళీ చీకటి గదే. చన్ను కుడవడం చేతకాక బిడ్డ నా పక్కన కుంయ్ కుంయ్ మంటోంది. మొదట అడిగింది ఏమిటో చెబితే నవ్వుతారు. బిడ్డ ఆడా మగా అని కూడా కాదు. "అత్తా, పడవలో ఎవరు?" అన్నాను.

అత్తయ్య ముఖం పాలిపోయింది. నేనూ విన్నానని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

రమణయ్య ఆసుపత్రికి చూడవచ్చినప్పుడు ఆయన్ను అడిగింది. మీరెవురన్నా పడవ దగ్గర ఉన్నారా అని. "యాడ పెద్దమ్మా, మేము ముగ్గురమూ లాకుల కాడ ఉన్నాం గదా," అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు. "తలుపు తెరిపించి వస్తా ఉంటే గట్టుమీదికి వినపడింది. నువ్వు కథ చెప్పేదీ, అమ్మాయి ఊఁ కొట్టేదీ. అమ్మాయి బాగుందిలే అనుకుని బీడీ ముట్టించుకున్నా."

డాక్టరమ్మకు చెప్పాను. చాలా సిగ్గుపడి, వెళ్ళిపోయే రోజున. ఆమె నవ్వలేదు. "నువ్వే అని ఉంటావమ్మా. ఆ స్థితిలో మెదడుకు తెలియకుండా గొంతు పలుకుతుంది. ఊఁ అనడానికి నోరు తెరవక్కర్లేదు కదా" అంది. ఇంటికి వచ్చాక తలుపు వేసుకుని ప్రయత్నించి చూశాను. దవడలు బిగించి, పెదాలు మూసి... నిజమే. వస్తుంది. అచ్చం అలాగే వస్తుంది.

కానీ అది పక్కనుంచి వచ్చింది. ఇంకొకటి కూడా ఉంది. చివరిదాకా ఊఁ కొట్టింది నేనే అయితే, కథ నాకు తెలియాలి కదా? ఎంత లోతున ఉన్నా ఒక ముక్క అయినా మిగలాలి కదా? రెండో తాడు దగ్గర ఆ పిల్ల చెయ్యి చాపింది. ఆ తరువాత నా దగ్గర ఏమీ లేదు. తన నిద్రను ఎలా గుర్తుపట్టింది? అసలు గుర్తుపట్టిందా?

అటక మీదినుంచి డైరీ దించి, జరిగిందంతా రాసి, చివర రెండు పేజీలు వదిలి అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. మిగిలింది చెప్పమన్నాను.

"చెప్పినా గదా," అంది.

"నేను వినలేదు అత్తా."

"విన్నవాళ్ళు విన్నారు." బిడ్డకు నలుగు పెడుతూ నావైపు చూడలేదు. "ఆ కథ మళ్ళీ ఎత్తను. ఎత్తితే వినేదానికి ఎవురొస్తారో నాకు తెలియదు. వేరేది అడుగు, ఎన్నయినా చెప్తా."

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. నేనూ వదల్లేదు, ఆమే చెప్పలేదు. ఆ గొంతు నా బదులు పలికి నా ప్రాణం మీదికి వచ్చిన సంగతి అత్తయ్యకు తెలియకుండా దాచిపెట్టాలని చూసిందా? లేక నేను లేని కాసేపు నా చోటు ఖాళీగా ఉండకుండా కూర్చుందా? రెండు విధాలుగానూ రాసుకున్నాను డైరీలో. రెండూ నిజంలాగే ఉన్నాయి.

ఇప్పుడు మా అమ్మాయి బడికి పోతోంది. రాత్రిళ్ళు కథ చెప్పమంటుంది. ఊఁ కొడుతుంది, మధ్యలో ప్రశ్నలు వేస్తుంది, దిండు కింద నిద్ర ఎలా పెట్టుకుంటారమ్మా అంటుంది. అవును, ఆ కథే చెబుతాను. నాకు తెలిసినంతవరకు. దీపం తగ్గించి, గుడిసె, అవ్వ, తాళ్ళు, రెండో తాడు దగ్గర ఆ పిల్ల చెయ్యి చాపడం. అక్కడ ఆపుతాను.

"తర్వాత?" అంటుంది.

"నాకూ తెలియదమ్మా," అంటాను.

అప్పుడు ఇద్దరమూ చీకట్లో చెవులు రిక్కించి వింటాము... తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెబుతారేమోనని.